ఎవరిదో తెలియని మూపురం

నేను ఒక క్వార్ట్జ్ గొట్టాన్ని. మూరెడు పొడవు, బొటనవేలంత లావు. అడుగున ఎదురెదురుగా రెండు చదునైన కిటికీలు, పైన అరగదీసి బిగించిన మూత. నా గురించి నాకు ఖాయంగా తెలిసింది ఇంతే. మిగతాదంతా వాళ్లూ వీళ్లూ అనుకోగా చెవినపడ్డదే.

మొన్న పక్క అరలో కూర్చుని, పొడులకి తేమ తగలకుండా కాపాడే డెసికేటరు ముసలమ్మ నా మీద ఒక మాట అన్నదట. నాతో అనలేదు. కింది అరలో మూతి విరిగిన బీకరుతో అన్నది. బీకరు కడుపులో మాట నిలిచేదెక్కడ, అది పిపెట్ల గుత్తి చెవిన వేసింది. పిపెట్లు నాకు చేరవేశాయి. "ఆ పొడుగుదాన్ని చూశారూ, తళతళా మెరుస్తోందని మంచిదనుకునేరు. బంగారంలాంటి పిల్ల చదువుని కడుపులో పెట్టుకుని అరాయించుకుందట" అని.

ఇందులో నిజం ఎంతని మీరడిగితే నేను చెప్పలేను. నా కడుపులో ఏం జరిగిందో నాకే సరిగ్గా తెలియదు. అంతకంటే విడ్డూరం ఇంకొకటుంది. డెసికేటరు తన చోటు వదిలి కదల్లేదు. దాన్ని కదపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. బీకరు కదల్లేదు, పిపెట్లు కదల్లేదు, నేనూ కదల్లేదు. మాట మాత్రం ఆ మూల నుంచి ఈ మూలకి వచ్చేసింది. నడిచింది ఎవరు? ఏ దారిన వచ్చింది? ఆ పిల్ల నన్ను అన్నాళ్లు గడ్డకట్టించి, కాల్చి, కడిగి, మళ్లీ గడ్డకట్టించి తెలుసుకోబోయింది సరిగ్గా ఈ సంగతే. అందుకని మొదటినుంచీ చెబుతాను. తికమకగా ఉంటే తప్పు నాది కాదు, నేనూ తికమకలోనే ఉన్నాను.

నేను పుట్టింది సముద్రగాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టే ఒక విశ్వవిద్యాలయంలో, రసాయనశాస్త్ర విభాగం మెట్లకింద ఉన్న గాజుపని గదిలో. నన్ను చేసినవాడు జలీల్ సాయిబు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఆక్సిజనూ హైడ్రోజనూ కలిపిన మంట ముందు కూర్చుని, బుగ్గలు తిత్తుల్లా ఉబ్బించి ఊదేవాడు. మామూలు గాజు ఆయన చేతిలో బెల్లప్పాకంలా ఊగేది. నేను ఊగలేదు. నా కంటే ముందు పుట్టినవాడు కిటికీలు అతికేటప్పుడు వంకరపోయి చెత్తబుట్టలో పడ్డాడు. నా వంతు వచ్చేసరికి సాయిబు నుదుటి చెమట గడ్డం మీదుగా జారుతోంది. ఎదురుగా ముక్కాలి పీట మీద ఒక పిల్ల, ఎవరికో పురుడొస్తుంటే గుమ్మం బయట కూర్చున్నట్టు కూర్చుని ఉంది.

"ఇదిగో పైడమ్మా," అన్నాడు సాయిబు నన్ను చేతికిస్తూ, "ఇది మొండిఘటం. వేడికి బెదరదు, చలికి బెదరదు. నేలకే బెదురుద్ది. కింద పడేశావంటే ఇంకోటి నా వల్ల కాదు."

"పడేస్తానేటి సాయిబుగారూ, ఇంత తంటా పడ్డాక," అంది ఆ పిల్ల.

ఆమె పేరు పైడితల్లి. విజయనగరానికి అవతల గోగు పండించే ఊరు. పరిశోధన విద్యార్థిని. చేతులు గట్టివి, చూపు తిన్ననిది. నవ్వితే ముందు కళ్లు నవ్వేవి, పెదాలు ఆ తర్వాత తీరిగ్గా వచ్చి కలిసేవి.

ఇక నా కాపురం సంగతి. పేరు పలకాలంటే నాలుక రెండు మడతలు పడే ఒక ద్రవం ఉంది. నీళ్లలా తేటగా ఉంటుంది, ఈథరు వాసన వేస్తుంది. అందులో పైడితల్లి తాను స్వయంగా వండుకున్న లేతపసుపు పొడి చిటికెడు కరిగించి నాలో పోసేది. మూత బిగించి, పొగలు కక్కుతున్న లిక్విడ్ నైట్రోజన్ ఫ్లాస్కులోకి నన్ను దించేది. నూతిలోకి చేద దించినట్టు, ఆగి ఆగి. పంచదార పాకాన్ని కదపకుండా చల్లారిస్తే అద్దంలా నిలుస్తుంది, గరిటె పెట్టి కదిపితే పలుకు పడుతుంది, చూశారు కదా. నాలో ఉన్నదీ అంతే. నిదానంగా దించితే పలుకు కట్టకుండా, గీత పడకుండా గాజై కూర్చుంటుంది. బయట గాజు నేను, లోపల గాజు అది. తొందరపడితే పటక్‌మని సాలెగూడులా చీలికలు. అప్పుడు పైడితల్లి తనను తానే "ఏటే గొడ్డూ, ఎక్కడికే పరుగు" అని తిట్టుకుని మళ్లీ మొదలుపెట్టేది.

గడ్డకట్టాక నన్ను ఫ్లాస్కుతో సహా సీసపు గుమ్మటంలోకి పంపేవారు. అందులో కోబాల్టు ఉంటుంది. దాని నుంచి కిరణాలు వస్తాయట. నాకు ఏమీ కనపడలేదు, ఏమీ వినపడలేదు, చురుక్కుమని కూడా అనలేదు. బయటికి వచ్చేసరికి మాత్రం నా కడుపులో ఉన్న తేట గాజు నీలంగా మారిపోయి ఉండేది. వెలుతురు తగిలితే ఆ నీలం చెదిరిపోతుందని, బాలింత బిడ్డని ఎండపొడ తగలకుండా తెచ్చినట్టు, నల్లగుడ్డ కప్పి మోసుకొచ్చేవారు. తర్వాత ఒక యంత్రం నా కిటికీల గుండా వెలుగు పంపి, కాగితం మీద కలంతో కొండలూ లోయలూ గీసేది.

నన్ను అటూ ఇటూ మోసేవాడు సన్యాసి. ల్యాబు అటెండరు, ఇంకా పర్మినెంటు కాలేదు. భుజాన తువ్వాలు, నడుముకి తమలపాకుల సంచీ, అందులో సున్నపు కాయ. మొదట్లో ఒకనాడు అతను నల్లగుడ్డ అంచు ఎత్తి తొంగిచూసి అడిగాడు.

"ఏటమ్మా పైడమ్మా, ఈ నీలమేటి?"

"ఎలక్ట్రాన్లు అన్నా. కిరణం దెబ్బకి ఇళ్లలోంచి బయటపడ్డాయి. బయట చూస్తే అంతా గడ్డ, అడుగు పడదు. వరదలో చెట్టెక్కిన కోళ్లలాగ ఎక్కడివక్కడ చిక్కుబడిపోయాయి."

"మరి దించవేటి పాపం?"

"నా పసుపు పొడి ఉంది చూడు, దానికి వీటంటే ఆకలి. రవ్వంత వేడి తగలనిస్తే దాని దగ్గరికి చేరిపోతాయి. నీలం పోయి ఆకుపచ్చ వస్తుంది."

"నడిచెల్తాయా?"

"నడవవు. ఇక్కడ లేకుండా పోతాయి, అక్కడ ఉంటాయి. ఎంత దూరం వరకూ అలా పోతాయి, ఎంతసేపట్లో పోతాయి, అదే నా చదువు."

సన్యాసి తువ్వాలు దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. "దీనికి చదువెందుకమ్మా. మా యావిడ గడప దాటదు. దాని కబురు ఊరు దాటేస్తాది."

పైడితల్లి కళ్లు నవ్వాయి. నాకు మాత్రం నవ్వు రాలేదు. కోళ్లెక్కిన చెట్టు నేనేనా, కోడిని పట్టుకునేవాడి ముంగిలి నేనేనా, ఊరంతా నేనేనా అన్నది తేలక బుర్ర తిరిగింది. అంతా నాలోనే జరుగుతోంది, ఒక్కటీ నా కంటపడదు. పెళ్లి జరిగే ఇంటి గోడలా ఉంది నా బతుకు.

పైడితల్లికి ఆ ఏడాదితో గడువు సరి. ఎండలు ముదిరేలోగా థీసిస్ ఇవ్వాలి. ఇవ్వాలంటే ఆచార్య వంగవోలు దక్షిణామూర్తి గారి సంతకం పడాలి. ఆయన ఆమె గైడు. పొడుగు మనిషి, ఖద్దరు చొక్కా, గొంతు గంట కొట్టినట్టు ఉంటుంది. మూఢనమ్మకాల మీద ఆయన ఉపన్యాసమంటే కుర్రవాళ్లు మెట్ల మీద కూర్చుని వింటారట. అలాంటి మనిషి ఆమె థీసిస్ మూడో అధ్యాయం దగ్గర కొంచెం దిగాలుగా ఉన్నారు. పైడితల్లి గీతలన్నీ సక్రమంగానే వస్తున్నాయి. నీలం తగ్గుతోంది, ఆకుపచ్చ పెరుగుతోంది. కానీ అదంతా ఎవరో ఎక్కడో ముందే చూసినదేనని ఆయన బెంగ. "కొత్త మాట ఒక్కటి కావాలమ్మా," అనేవారు గీతల కాగితాన్ని దూరం పెట్టి, దగ్గరపెట్టి చూస్తూ. "పప్పు ఉడికింది. పోపు లేదు."

అలా ఉండగా దసరాలు వచ్చాయి.

ఆయుధపూజ నాడు ల్యాబు కడిగారు. సన్యాసి తలంటు పోసుకుని, వెడల్పాటి పళ్లెంలో తడిపిన పసుపు, నిమ్మకాయలు, గుమ్మడికాయ పెట్టుకొచ్చాడు. దక్షిణామూర్తి గారు గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. "నా నమ్మకం సంగతి మీకు తెలుసు. మీ సరదాకి నేను అడ్డుపడను. పంపుకి పెట్టుకో, తలుపుకి పెట్టుకో, గుమ్మటానికి పెట్టుకో. కిటికీలున్న సామాను జోలికి మాత్రం రాకు. ఆ గొట్టాన్ని తాకావంటే ఊరుకోను," అన్నారు.

సన్యాసి తాకలేదు. నా ముందుకి వచ్చి, పళ్లెం ఎడమచేతికి మార్చుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. సీసపు గుమ్మటానికి బొట్టు, నైట్రోజన్ డబ్బాలకి బొట్టు, పంపుకి బొట్టు, గోడకున్న స్విచ్చుల పెట్టెకి కూడా బొట్టు. గుమ్మడికాయ పగిలింది. పులిహోర పంచారు. జలీల్ సాయిబు కూడా వచ్చి రెండు ఆకుల పులిహోర తిని, "సన్యాసీ, కారం బాగా పడింది" అని మెచ్చుకుని పోయాడు. నవ్వులు, కబుర్లు. నేనొక్కదాన్నే పెళ్లింట్లో అలిగిన చుట్టంలా స్టాండుకి నిటారుగా బిగుసుకుని ఉన్నాను.

చెయ్యి కడుక్కుని దక్షిణామూర్తి గారు నా దగ్గరికి వచ్చారు. కాసేపు చూశారు. ఏమనిపించిందో ఏమో, పళ్లెం ఇలా పట్టుకురమ్మని సైగ చేశారు.

"అన్నిటికీ పెట్టి దీన్నొక్కదాన్నీ వదిలేస్తే అలుగుతుందయ్యా. అసలు పని చేసేది ఇదే కదా," అన్నారు.

"మాస్టారూ, మీరేనా," అంది పైడితల్లి నవ్వు ఆపుకుంటూ.

"సైన్సు వేరు, ముచ్చట వేరు. రాసుకో."

ఉంగరపు వేలు పసుపులో ముంచి, నా మూతకీ మెడకీ మధ్య ఇంత బొట్టు పెట్టారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు ఝల్లుమంది. కోబాల్టు కిరణాలకి అనని ఒళ్లు ఆ వేలి తడికి ఝల్లుమనడం ఏమిటో, అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

పండగ సెలవులు అయ్యాక పైడితల్లి వచ్చి, దూది అసిటోనులో ముంచి నా మెడ శుభ్రంగా తుడిచింది. బొట్టు పోయింది. నేను బోసిగా అయిపోయానని కొంచెం బాధపడ్డాను. మళ్లీ ద్రవం, మళ్లీ పొడి, మళ్లీ నైట్రోజను, మళ్లీ గుమ్మటం. నల్లగుడ్డ తీసి యంత్రంలో పెట్టింది. రవ్వంత వెచ్చబెట్టింది. కలం ఎప్పటిలాగే కొండ ఎక్కింది, దిగింది. దిగి, తిన్నగా పోవలసినది ఆగి, మళ్లీ కొంచెం పైకి లేచింది. గంగిరెద్దు మూపురంలాగ చిన్న గుండ్రటి ఎత్తు. ఎన్నడూ లేనిది.

పైడితల్లి కాగితం చించి వెలుగుకి పట్టుకుంది. మళ్లీ చేసింది. మళ్లీ మూపురం. అప్పుడు పరిగెత్తింది.

దక్షిణామూర్తి గారు వచ్చి చూసి, కళ్లజోడు తీసి ఖద్దరు చొక్కాకి తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశారు. "అమ్మాయ్," అన్నారు, గొంతులో గంట తగ్గి ఉంది, "ఎలక్ట్రాన్ నీ పొడి దగ్గరికి తిన్నగా పోవడం లేదు. మధ్యలో ఇంకెవరి ఇంట్లోనో దిగి, అక్కడినుంచి పోతోంది. మధ్యలో ఒక దళారీ ఉన్నాడు. మనం వాణ్ని పట్టుకున్నాం."

అది ఎవరికీ కనపడని మజిలీ అట. దానికి ఆయన ఒక పెద్ద సంస్కృతం పేరు, ఒక పెద్ద ఇంగ్లీషు పేరు పెట్టారు. విభాగంలో మాత్రం అందరూ దాన్ని "దక్షిణామూర్తి గారి మూపురం" అనేవారు. ఆయన బొంబాయి సభలో ఆ గీతని గోడ మీద పెద్దది చేసి చూపించి, చప్పట్లు కొట్టించుకుని వచ్చారు. వచ్చేటప్పుడు అందరికీ హల్వా తెచ్చారు.

నాకొచ్చిన గర్వం ఇంతా అంతా కాదు. బొట్టు పెట్టారు, ఫలితం ఇచ్చాను. మనుషులు బొట్టు పెట్టిన ఎద్దు దున్నదూ, బొట్టు పెట్టిన బండి నడవదూ? అందులో నాకు అనుమానమే రాలేదు. ఆ లోపలి మజిలీ ఏదో నా మంచితనమే అయి ఉంటుందనుకున్నాను.

కార్తీకం వచ్చేసరికి మూపురం చిక్కింది. ముందు ఎద్దు మూపురంలా ఉన్నది దూడ మూపురంలా అయింది. ఆపైన కలం ఒణికిందో లేదో అన్నంత. ఆపైన అదీ లేదు. పైడితల్లి పొడి మార్చింది, ద్రవం కొత్తగా కాచి దింపింది, వేడి పెంచింది, తగ్గించింది. లేదు. అసలు ఆ రంగు తన పొడిది కాదేమో, కిరణాలు తగిలి గొట్టానికే పట్టిన మరక అయి ఉంటుందేమో అని అనుమానం వచ్చి, నన్ను ఒట్టిదాన్ని చేసి గుమ్మటంలో పెట్టించింది. నాలో చుక్క ద్రవం లేదు, చిటికెడు పొడి లేదు. బయటికి తీస్తే నాకు కొంచెం పొగరంగు పట్టింది గానీ గీత మీద మూపురం లేదు. జలీల్ సాయిబు తన మంట మీద నన్ను వెచ్చజేసి ఆ పొగ వదిలించాడు. "గొట్టం మీద నేరం లేదు పైడమ్మా," అన్నాడు. నేను గుండె నిబ్బరం చేసుకున్నాను. అయితే నేరం ఎవరిది?

దక్షిణామూర్తి గారికి ఓపిక తగ్గింది. "మొదట వచ్చినది ఇప్పుడెందుకు రాదు? నీ చెయ్యి మారింది," అన్నారు.

"నా చెయ్యి అదే మాస్టారూ."

"అయితే వదిలేయ్. వచ్చినప్పుడు వచ్చిన గీతలున్నాయి కదా. అవి పెట్టి అధ్యాయం రాసేయ్. నేను సంతకం పెడతాను. ఎండాకాలం దాకా ఈ గొట్టంతో కుస్తీ పడితే నీకు గడువు పోతుంది, నాకు పరువు పోతుంది."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. గీతలు నిజంగా వచ్చినవే. పైడితల్లి తలూపింది. ఆయన వెళ్లాక నన్ను చేతిలోకి తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. ఆమె అరచేయి చల్లగా ఉంది. నన్ను అంతంత చలిలో ముంచిన మనిషి చెయ్యి నాకు చల్లగా తగలడం అదే మొదలు.

మర్నాడు ఆమె నన్ను దాచి పెట్టెయ్యడానికి కడుగుతోంది. ఆఖరిసారి అన్నట్టు, పని లేని చోట కూడా కడుగుతోంది. మూత ఊడదీసి, పుల్లకి దూది చుట్టి, మూత బిగిసే సందులో తిప్పింది. అరగదీసిన చోటు కదా, గరుకుగా ఉంటుంది. దూది కొసన పసుపు అంటింది.

ముందు పట్టించుకోలేదు. ఆమె పొడి కూడా పసుపే మరి. పారేయబోయి ఆగింది. దూది కళ్ల దగ్గర పెట్టుకుంది. తన పొడి సీసా పక్కన పెట్టి చూసింది. రెండూ పసుపే, అయితే ఒకటి గుమ్మడిపువ్వు, ఒకటి కొమ్ము పసుపు. 

"సన్యాసన్నా, సున్నం ఉందేటి?"

"నీకెందుకమ్మా సున్నం? ఆకేస్తావేటి?"

"ఇటియ్యి ముందు."

గోటితో కొంచెం సున్నం తీసి, తడి చేసి, దూదికి రాసింది. దూది ఎర్రబడింది. పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో ఆమెకి ఏ ఆచార్యుడూ చెప్పనక్కర్లేదు. దిష్టి తీసిన ఎర్రనీళ్లు తొక్కకుండా దాటుకుంటూ పెరిగిన పిల్ల. తన పొడికి కూడా సున్నం రాసి చూసింది. అది పసుపుగానే ఉండిపోయింది.

అప్పుడు ఆమె అక్కడే నేల మీద కూర్చుంది. నాకూ అప్పుడే కొంచెం కొంచెం తెలిసింది. ఆ రోజు దూదితో తుడిచినప్పుడు బొట్టు ఎక్కడికీ పోలేదు. అసిటోనులో కరిగి నా మూత సందులోకి దిగి దాక్కుంది. ఆమె ద్రవం పోసి, మూత బిగించి, నన్ను వంచినప్పుడల్లా అందులో కొంచెం కొంచెం లోపలికి కలిసింది. పసుపులో పసుపు, ఎవరి కంటా పడలేదు. చెట్టెక్కిన కోళ్లు వెచ్చదనం తగలగానే పొడి ఇంటికి పోతూ పోతూ కొన్ని ఈ కొత్త ఇంట్లో దిగాయి. మధ్యలో దళారీ ఉన్నాడని మాస్టారు చెప్పింది నిజమే. ఆ దళారీని పళ్లెంలోంచి తీసి నా మెడకి అంటించిందీ ఒక మనిషే. పోయగా పోయగా సందులో సరుకు తరిగింది, మూపురం చిక్కింది. అంతే. లేక అంతేనని అందరూ అనుకున్నారు. నా మంచితనం సంగతి ఎవరూ ఎత్తలేదు.

పైడితల్లి ఊహతో ఊరుకునే మనిషి కాదు. సన్యాసి చేత వాళ్లింటి నుంచి పొట్లంలో పసుపు తెప్పించి, చిటికెలో చిటికెడు కొత్త ద్రవంలో కలిపి, నన్ను నిండా కడిగి, పోసింది. గడ్డ, గుమ్మటం, నల్లగుడ్డ, యంత్రం. వెచ్చబెట్టింది. కలం కొండ దిగి, ఆగి, తాపీగా మూపురం ఎక్కింది. దసరా తర్వాత లేచిన దానికంటే బలిసిన మూపురం.

"వచ్చింది గదమ్మా," అన్నాడు సన్యాసి సంబరంగా. ఆమె ముఖం చూసి సంబరం దించుకున్నాడు. "మరిప్పుడేటి చేస్తావు?"

"చెప్తాను."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే సంతకం పడుతుంది."

సన్యాసి సున్నపు కాయ మూత పెట్టి సంచీలో వేసుకున్నాడు. 

ఆ తర్వాత నా బతుకు ఈ అరలోనే. నాలో ఎవరూ ఏదీ పోయలేదు. పైడితల్లి ఏమైందంటే, బీకరు ఒకటి చెబుతుంది, పిపెట్లు ఒకటి చెబుతాయి. వేరే గైడు దగ్గర మళ్లీ మొదటినుంచి చేసి ఆలస్యంగా డాక్టరేట్ తెచ్చుకుందని ఒకరు. డాక్టరేట్ లేకుండానే ఆడపిల్లల కాలేజీలో పాఠం చెబుతోందని, అక్కడ ఆయుధపూజ నాడు గాజుసామాను గదికి తాళం వేసి తాళంచెవి కొంగున కట్టుకుంటుందని మరొకరు. ఏది నిజమో తేల్చడానికి నాకు దారి లేదు. నాకు నోరు ఉన్నది పోయడానికే. డెసికేటరు మాత్రం తప్పు నాదేనంటుంది. ఎవరిదో ఒకరిది అయి ఉండాలి కదా, నేనైతే తిరిగి మాట్లాడను. మనుషులకి గెలుపు దొరికినప్పుడు దాని పేరు అడగకుండానే పెట్టేసుకుంటారు. ఓటమి దొరికితే అది ఎవరిదని ఊరంతా వెతుకుతారు. ఇది నేను ఆనాడు కళ్లారా చూశాను, అది చెప్పి ఊరుకుంటాను.

ఆ ఉదయం దక్షిణామూర్తి గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. బల్ల మీద నేను, నా పక్కన ఎర్రబడ్డ దూది, కొత్త గీత. ఎదురుగా పైడితల్లి. గుమ్మం దగ్గర సన్యాసి. ఏదో మూత అరగదీయించాలని కబురు పెడితే వచ్చిన జలీల్ సాయిబు కిటికీ దగ్గర. పైడితల్లి మొదటినుంచి చివరిదాకా మామూలు గొంతుతో చెప్పింది. బొట్టు ఎవరు పెట్టారన్నది మాత్రం చెప్పలేదు. పసుపు మూత సందులో చేరింది, అంతే అంది.

ఆయన గీతని దగ్గరపెట్టి చూశారు, దూరం పెట్టి చూశారు. బొంబాయి చప్పట్లు ఆయన చెవుల్లో ఉన్నాయో ఏమో, చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక పైడితల్లిని చూడలేదు.

"పసుపు," అన్నారు. "నా ల్యాబులో, కిటికీలున్న సామానుకి పసుపు. చిలక్కి చెప్పినట్టు చెప్పాను, దాని జోలికి పోవద్దని. చదువు లేనివాళ్ల చేతుల్లో పెడితే ఇంతే. ఏరా సన్యాసీ, నీ పూజ ఈ పిల్ల థీసిస్ మింగేసింది, నా పేరు మింగేసింది. నిన్ను పర్మినెంటు చెయ్యమని నేనే రాశాను. ఆ కాగితం ఇవాళే వెనక్కి తెప్పిస్తాను."

సన్యాసి తువ్వాలు భుజం మీంచి తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ పళ్లెం ఎడమచేతికి మార్చుకుని నాకు దూరం నుంచి దణ్ణం పెట్టిన మనిషి. జలీల్ సాయిబు కిటికీలోంచి సముద్రం కేసి చూస్తున్నాడు. ఎవరూ ఉన్నచోటు నుంచి కదల్లేదు. అయినా ఆ కుర్చీలో ఉన్నది అక్కడ లేకుండా పోయి, ఈ గుమ్మం దగ్గరికి వచ్చి చేరింది. ఇన్నాళ్లూ నా కడుపులో జరిగినది ఏమిటో నేను బయట చూడటం అదే మొదటిసారి.

"తప్పయిపోనాది బాబూ," అన్నాడు సన్యాసి.

దక్షిణామూర్తి గారు మూడో అధ్యాయం కాగితాలు తన వైపు లాక్కుని, జేబులోంచి కలం తీశారు. "నువ్వు బెంగపడకమ్మా. పాత గీతలు పాత గీతలే. వీడి సంగతి వేరే, నీ సంగతి వేరే. సంతకం పెడుతున్నాను," అన్నారు మెత్తగా.

కలం మూత తీసిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. పైడితల్లి వంగి, ఆ కాగితాలని ఆయన చేతి కింద నుంచి మెల్లిగా వెనక్కి తీసుకుంది. గడ్డకట్టిన గాజుని చీలకుండా పైకి లాగే చేతితోనే తీసుకుంది. తీసుకుని అప్పుడు అంది.

"తుడిచింది నేను మాస్టారూ. పెట్టింది మీరు."